ఒక గది, నాలుగు వందల పదమూడు కంపెనీలు

“మిగతా నాలుగు వందల పన్నెండు కంపెనీల వాళ్ళూ ఏరండీ?”

మెట్లు దిగి వచ్చిన అమ్మాయి, బూట్లకంటిన మంచైనా దులుపుకోకుండా అడిగిన మొదటి మాట అది. పేరు ట్రీను. భవనాల్లో అగ్నిప్రమాదాల జాగ్రత్తలు తనిఖీ చేసే ఉద్యోగం. చేతిలో ట్యాబ్.

రైవో సానరాయి ఆపాడు. టాలిన్ నగరంలో, కలమయ పేటలో, ఈ నేలమాళిగలోనే ఇరవై రెండేళ్ళుగా కత్తులూ కత్తెరలూ పిల్లలు మంచు మీద జారే స్కేట్లూ సానబడుతున్నాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఏడడుగులు వేస్తే అయిపోయే గది. తలుపు ఒకటే.

“ఏ కంపెనీలు?”

“ఈ గది చిరునామాతో సర్కారు రిజిస్టర్లో ఉన్నవి. మీదొకటి, ఇంకో నాలుగు వందల పన్నెండు. ఒకే తలుపున్న నేలమాళిగలో ఆరుగురికి మించి పని చేయకూడదు. కంపెనీకి ఒక్క మనిషిని లెక్కేసుకున్నా...”

“వెయ్యి తల్లీ, వెయ్యి లెక్క! ఇదిగో, ఆ నూనె డబ్బాలో ఓ యాభై మంది ఉంటారు. మూత మెల్లగా తియ్యి, పాపం మీటింగులో ఉన్నారేమో.”

ట్రీను నవ్వలేదు. “రేపు మధ్యాహ్నం గదికి సీలు వెయ్యాలని రాసి ఉందండీ.”

రైవో మొహంలో వెటకారం చచ్చిపోయింది. ఫిబ్రవరి నెల. ఏడాది తిండి సంపాదించుకునే నెల. గోడ పొడుగునా స్కేట్లు వేలాడుతున్నాయి. కంప్యూటర్ కుర్రాళ్ళు దిగాక ఈ పేటలో కోళ్ళగూడు కూడా అద్దెకు దొరకడం లేదు. ఈ గది పోతే సానరాయి నెత్తిన పెట్టుకుని మంచులో నిలబడాల్సిందే.

“కళ్ళున్నాయి కదా నీకు! ఎంతమందిమి కనిపిస్తున్నాం?”

“ఒక్కరే. కానీ రిజిస్టర్లో ఒకసారి ఉన్న సంగతిని మళ్ళీ మనుషుల్ని అడగకూడదు. చట్టం. తెలీదా మీకు?”

తెలియకేం! ఆ దేశంలో పుట్టినవాడెవడికైనా తెలుసు. సర్కారు ఏదైనా ఒక్కసారే అడుగుతుంది. అది కంప్యూటర్లోకి ఎక్కిందంటే ఇక మనిషి నోరు దండగ.

రైవో వెంటనే ఇంటి యజమానికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. యజమాని మార్గుస్, బళ్ళో అతని పక్కన కూచున్నవాడే.

“ఏరా మార్గుస్, నా నెత్తిమీద నాలుగొందల కంపెనీలు ఎక్కించావా?”

“నీ నెత్తిమీద కాదురా, తలుపు నంబరు మీద. వాళ్ళలో చాలామంది ఈ దేశం మొహమే చూడలేదు. ఒకడు బ్రెజిల్లో, ఒకడు సింగపూర్లో. మంచం మీద కూచుని, కాఫీ చల్లారేలోగా మన దగ్గర కంపెనీ పెట్టేస్తారు. లాభం కంపెనీలోనే ఉంచినంతకాలం పన్ను లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు, ఎవడి చెయ్యీ తడపక్కర్లేదు. పెట్టుబడి పెట్టేవాళ్ళు ఎగబడుతున్నది అందుకేగా! ఇక్కడొక చిరునామా ఉంటే చాలు వాళ్ళకి. నేనిచ్చింది చిరునామారా, గది కాదు.”

“గదికి అద్దె కడుతున్నది నేను కదరా!”

“అందుకేగా గది నీకిచ్చాను. ఎందుకరుస్తావు?”

రైవో ఫోన్ బల్ల మీద పడేశాడు. “విన్నావా? మొన్న ఒకడొచ్చాడు. నా గుమ్మం ముందు నిలబడి ఫొటో దిగి, ‘ఇదే మా ప్రధాన కార్యాలయం’ అని పెళ్ళానికి పంపుకున్నాడు. ఫొటోకి అడ్డమని నన్ను పక్కకి జరగమన్నాడు! జరిగాను కూడా, బుద్ధిలేక. కొట్టిపారెయ్యండి ఆ కంపెనీలన్నీ!”

“ఎలా కొట్టేస్తామండీ? వాళ్ళేం తప్పు చేశారు? ఒక్క సంతకం తేడా లేదు. మన దేశాన్ని నమ్మి వచ్చారు.”

“నేను నమ్మకుండా పుట్టానా ఇక్కడ?” రైవో బల్ల మీద గుద్దాడు. “పావుగంటలో కంపెనీని పుట్టించే దేశం, కళ్ళెదుట ఉన్న ఒక మనిషిని ఒక మనిషని ఒప్పుకోవడానికి ఎన్నేళ్ళు తీసుకుంటుంది? నన్ను అడక్కు. నీ కళ్ళతో చూసింది రాయి. ఇక్కడున్నది ఒకే ఒక్క మనిషి, మిగతావన్నీ ఉత్త పేర్లు. రాయి!”

ట్రీను అతని వైపు చూసింది. గోడ మీది స్కేట్ల వైపు చూసింది. పక్కనున్న ఎత్తుపీట మీద కూచుని, రాసింది. పై అధికారికి పంపింది. 

పది నిమిషాలకు ఫోన్ మోగింది. ఆమె రెండుసార్లు “సరేనండీ” అంది. ఫోన్ పెట్టేసేసరికి మొహం వెలిగిపోతోంది.

“రైవోగారూ! మా పెద్దాయన ఒప్పుకున్నారు. ఆ నాలుగు వందల పన్నెండూ ఉత్త పేర్లేనట. పేర్లకి రెండో తలుపు అక్కర్లేదు. మనుషులెవరూ పని చేయని గదికి మా నిబంధనలేవీ వర్తించవు. ఒక్క కంపెనీ కూడా కదలక్కర్లేదు!”

“అదే కదమ్మా ఇందాకట్నించీ మొత్తుకుంటున్నాను!” రైవో కూలబడ్డట్టు కూచున్నాడు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. తన మధ్యాహ్నం తిండిలోంచి, ఉప్పుచేప పెట్టిన నల్లరొట్టె ముక్క ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. “తిను. మంచిదానివి. ఊరికే నోరు పారేసుకున్నాను. అయితే రేపు సీలు లేనట్టేగా?”

“ఆ అవసరమే లేదండీ. ఒక్క మనిషి పని చేస్తున్నా మొత్తం నాలుగు వందల పదమూడూ లెక్కలోకి వస్తాయట,” అంది ట్రీను రొట్టె కొరుకుతూ. “మీరొక్కరు ఖాళీ చేస్తే చాలన్నారు.”