కంప్యూటర్ తప్పు

"ఇప్పుడు దొంగతనానికి గోడ దూకక్కర్లేదు గిరీ. సేతిలో ఫోనుంటే సాలు," అన్నాడు జగ్గారావు, మరమరాల మూరీలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ.

"మొదలెట్టినావా బావా? ఫోన్లో పోలీసు డ్రెస్సు సూసి బెదిరిపోయి డబ్బులు పంపిస్తే తప్పు ఫోన్‌దా, పంపినోడిదా?"

జగ్గారావు మొహం తిప్పుకుని టీ గ్లాసు అందుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఖరగ్‌పూర్ మలంచాలో ఆ ఇంటి వరండామీద బావాబామ్మర్దులు ఇలా కీచులాడుకోవడం జోగమ్మకి కొత్తకాదు. తమ్ముడు గిరిబాబు రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఏ పార్టీ గెలిచినా, ఏ యాప్ వచ్చినా దేశం బాగుపడిపోయిందంటాడు. అదే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరైన మొగుడు దేన్నీ నమ్మడు. మొన్న చలికాలంలో మంచి స్మార్ట్‌ఫోన్ బీరువాలో పడేసి బటన్ల ఫోన్ కొనుక్కున్నాడు. ఆయన చాదస్తం ఆయనది అనుకుని జోగమ్మ ఏమీ అడగలేదు.

"భూమి రికార్డులన్నీ ఆన్‌లైన్లో ఎక్కించేసినారు బావా. దాగ్ నంబరు కొడితే ఏ స్థలం ఎవులిదో అందరికీ తెలిసిపోతాది. ఇంక మన ఆస్తి ఎవుడు తినేస్తాడు?"

"కంప్యూటర్లో పేరు మార్సడం గవర్నమెంటుకెంతసేపురా? పెట్టెలో ఉన్న కాయితమే కాయితం."

"ఠీక్ హై. మీ ఇల్లే సూపిస్తాను. అక్కా, మీ స్థలం దాగ్ నంబరెంత?"

"ఇప్పుడెందుకురా ఆ గోల? టీ తాగు," అన్నాడు జగ్గారావు.

జోగమ్మకి ఆ నంబరు నోటికొచ్చు. ఎందుకు రాదు? తాత, తండ్రి, మామగారు అందరూ రైల్వే క్వార్టర్లలో బతికి, రిటైరవగానే తాళాలు అప్పగించి బయటికి నడిచినవాళ్లే. గోడకి మేకు కొట్టినా అది రైల్వే గోడే. ఇన్ని తరాలకి ఖరగ్‌పూర్‌లో సొంతమని చెప్పుకోవడానికి ఈ ఇల్లు ఒక్కటే లేచింది. టకటకా నంబరు చెప్పేసింది.

గిరిబాబు ఫోన్లో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఇందులో బావ పేరు నేదక్కా. ఆలిస్ అని ఉన్నాది. మన ఆలిస్ సిస్టర్ ఇంటిపేరే."

రైల్వే ఆసుపత్రి నర్సు ఆలిస్. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టర్. మొన్నీమధ్య ఇంటికొచ్చి, వంటగదిలోకి తొంగిచూసి, వెలుతురు బాగుంది వదినా అని మెచ్చుకుని వెళ్లింది. జోగమ్మకి ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టనిపించింది.

"వచ్చే నెల ఆవిడ రిటైరవుతాది. క్వార్టర్ కాళీ సెయ్యాల. అందుకే మన ఇంటిమీద కన్నేసినాది."

"రేపు నేనెళ్లి కనుక్కుంటాను. నువ్వు కూకో," అన్నాడు జగ్గారావు. ఆయన మొహం పాలిపోయింది.

"మీరు కనుక్కునేసరికి మనం రోడ్డున పడతాం. పదరా గిరీ."

తమ్ముడి బండెక్కి వెళ్లిపోయింది. జగ్గారావు వెనకాలే సైకిల్ తీశాడు.

ఆలిస్ అట్టపెట్టెల్లో సామాను సర్దుకుంటూ, పిలుపు విని నవ్వుతూ గేటు దగ్గరికొచ్చింది. జోగమ్మ ఆ నవ్వుని నిలవనివ్వలేదు. నోటికొచ్చినవన్నీ అనేసింది.

"సూదేసిన సెయ్యనుకున్నాను గాని, కొంపలు ముంచే సెయ్యనుకోలేదు. ఏటమ్మా, మా కష్టార్జితమే దొరికినాదా నీకు?"

సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పక్కింటి బెంగాలీ ఆవిడ "కీ హోలో దీదీ?" అంటూ ఏమైందో కనుక్కోవడానికి బయటికొచ్చింది. ఈ నర్సమ్మ ఇల్లు కాజేసిందని గిరిబాబు ఆవిడకి బెంగాలీలో గట్టిగా వివరించాడు.

"అది కాదు వదినా..." అని మొదలుపెట్టిన ఆలిస్ సందు మొగలోకి చూసి ఆగిపోయింది. జగ్గారావు ఆయాసపడుతూ సైకిల్ నడిపించుకుని వస్తున్నాడు. ఎవరివైపూ చూడలేక గేటు పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

ఆలిస్ ఆయనవైపు చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

"తప్పయిపోయినాది వదినా. నేనో స్థలానికి కాయితాలు పెట్టుకున్నాను. నంబరు తప్పుగా ఎక్కినట్టున్నాది. కంప్యూటర్ తప్పు. ఆఫీసుకెళ్లి అడుగుతాను. మీరు గాబరా పడకండి."

అంత తిట్టినా ఎదురు మాట అనని మనిషితో ఏం పోట్లాడుతుంది? జోగమ్మ గొణుక్కుంటూ మళ్లీ బండెక్కింది.

సందు దాటేసరికి కోపం దిగింది. దాని వెనకే సిగ్గు పట్టుకుంది. పోయినేడు ఆపరేషనై మంచంమీద పడి ఉన్నప్పుడు, డ్యూటీ అయిపోయాక కూడా కూర్చుని తన తల దువ్వింది ఈ ఆలిసే. బెడ్‌పాన్ కూడా ఆయాని పిలవకుండా తనే తీసింది. అలాంటి మనిషిని నలుగురిలో దొంగని చేసి వచ్చింది తను. ఛీ, ఇదీ ఒక నోరేనా అనుకుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బండాపరా."

"ఏటక్కా?"

"ఎనక్కెళ్లి కాళ్లట్టుకుంటాను."

"రేపెళ్దాంలే. నేను మాత్తరం ఏం మొహం పెట్టుకుని వస్తాను? కంప్యూటర్ని నమ్మి ఆవిణ్ని దొంగన్నాను."

"తిట్టడానికి ఇవాళెల్లి, తప్పొప్పుకోడానికి రేపా?"

తమ్ముణ్ని అక్కడే ఉంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. చూసినవాళ్లంతా లోపలికెళ్లిపోయారు. సందు ఖాళీగా ఉంది. గేటు దగ్గర జగ్గారావు సైకిల్ ఇంకా అలాగే ఉంది. తన నోటిదురుసుకి ఆయన క్షమాపణ చెప్పుకుంటున్నట్టున్నాడు. అది చూసి జోగమ్మ మరీ చితికిపోయింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఎవరి ముందూ తల వంచని మనిషి, పెళ్లాం చేసిన పనికి పరాయి గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఏమని మొదలుపెట్టాలా అనుకుంటూ గేటుమీద చెయ్యి వేసింది. ఆమెను ఇద్దరూ చూడలేదు. ఆలిస్ మెల్లగా అడుగుతోంది.

"ఆ ఫోన్ దొంగల దెబ్బకి ఇల్లు నాకమ్మినట్టు వదినకింకా సెప్పనేదా అన్నా?"