బెలిబిస్ దీవికి కవచం

జకార్తా నుంచి వచ్చిన పెద్ద అధికారి దారి పొడవునా పడవలో బోర్లా పడుకుని వాంతులు చేసుకున్నాడట. పక్కింటి రుగాయా చెప్పింది. రుగాయాకి వాళ్ల మరిది చెప్పాడు. పడవ నడిపింది అతనే గనక అబద్ధమయ్యే వీల్లేదు.

"ఒక్కసారన్నా తలెత్తి సముద్రం వంక చూళ్లేదంట. ఒడ్డు తగిలాక లేచి, మూతి తుడుచుకుని, టోపీ పెట్టుకున్నాడంట," అంది రుగాయా.

"సముద్రాన్ని కాపాడే శాఖకి తగినోణ్ణే ఏరారు," అంది ముర్సిదా అవ్వ, తలగుడ్డ సర్దుకుంటూ.

ఆమెకు ఆ అధికారితో ఒక్క మాట పనుంది. ఊళ్లో ఇళ్లన్నీ నీళ్లలో గుంజల మీద నిలబడ్డవే. అన్నిటికన్నా ఉత్తరపు కొసన ఉన్నది ఆమె ఇల్లు. ఉత్తరపు గాలి మొదలై అలలు లేవడానికి ఇంకా నెల. ఆలోగా ఇల్లు విప్పి గట్టు మీద, సర్కారు అడవి అంచున కట్టుకోవాలి. దానికి అనుమతి కాగితం కావాలి. ఊరిపెద్ద జునైది ఇవ్వడు.

"ఇస్తే ఎందుకిచ్చావని అడుగుతారు. ఏం చెప్పను?" అన్నాడు జునైది, రేవు దగ్గర ఆమెను ఆపి. "ఇవాళ్టికి నోరు కట్టేసుకో అవ్వా. భోజనం పెట్టి పంపించేద్దాం."

"నువ్వు చెప్పవు, నన్ను చెప్పనివ్వవు. నీకు ఓటేసింది ఈ చెయ్యేరా."

రేవు పక్కన కొత్త రాతిగోడ, నూరడుగుల పొడవు. రెండేళ్ల కిందట ఊరు పెట్టుకున్న అర్జీకి వచ్చిన ఫలమది. మా ఊరికి ఎదురుగా ఉన్న బెలిబిస్ దీవి అంచులు కరుగుతున్నాయి, అది పోతే అలలు తిన్నగా మా ఇళ్ల మీదికొస్తాయి అని రాశారు. ఇళ్ల మాట ఎవరికీ పట్టలేదు గానీ, ఆ దీవి పోతే దేశపు సముద్రపు హద్దు మైళ్లకొద్దీ వెనక్కి జరుగుతుందని జకార్తాలో ఎవరికో తట్టింది. గోడ మంజూరైంది. దీవి చుట్టూ కట్టాల్సిన గోడను రేవు దగ్గర కట్టారు. దీవి దగ్గరైతే పెద్దమనుషులు దిగడానికి మెట్లుండవు మరి.

జెండా ఎగిరింది. పాట అయింది. అధికారి బూట్లు టకటకలాడించుకుంటూ గోడెక్కాడు.

"దేశానికి చిన్న దీవంటూ ఏదీ లేదు. ఒక్క రాయిని కూడా వదులుకోం. ఈ గోడ బెలిబిస్‌కి కవచం."

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది గోడ కట్టిన గుత్తేదారు.

ముర్సిదా అవ్వ చెప్పులు కింద విడిచింది. గోడరాయిని వేళ్లతో తాకి, సలాం చెప్పి, అప్పుడెక్కింది.

అధికారి నవ్వాడు. "ఇది మసీదు కాదవ్వా."

"తెలుసు బాబూ. పెద్దాయనున్న చోట మేం చెప్పులేసుకోం."

అధికారి ముఖం వెలిగిపోయింది. "మర్యాదంటే పల్లెల్లోనే మిగిలింది," అన్నాడు. జునైదికి పొలమారింది.

"బాబూ, నా ఇల్లు గట్టు మీదికి మార్చుకోవాలి. ఒక్క సంతకం పెట్టు."

"ఎందుకు? ఎదురుగా దీవి అడ్డుండగా నీకేం భయం? నీ ఇల్లు కదిలిందంటే మా పథకం పనికిరాలేదని పత్రికలోళ్లు రాస్తారు. ఊరుకో."

భోజనాలు గోడ మీదే, పందిరి కింద. కొబ్బరాకుల్లో కాల్చిన చేప తింటూ అధికారి గుత్తేదారును మెచ్చుకున్నాడు. "రాయి బయటినుంచి తేవాలంటే ఆర్నెల్లు పట్టేది. నలభై రోజుల్లో ఎలా ముగించావయ్యా?"

"దగ్గర్లో దొరికిందే వాడాం సార్."

"భేష్. అదీ తెలివంటే," అని అధికారి పుస్తకంలో రాసుకున్నాడు. ఫైలు తిరగేశాడు. "దీవి మీద ఏదో గోరీ ఉందని రాశారు?"

"పెద్దాయన గోరీ సార్. మా ఊరి పీరు," అన్నాడు జునైది, కంచంలోంచి తలెత్తకుండా.

"మంచిది. దీవి వెనకాల కనబడేలా నాకో ఫొటో కావాలి. ఎటుందది?"

"సముద్రం పోటు మీదుంది సార్. కాస్త తగ్గనివ్వండి."

అధికారి కుర్చీలో కునుకు తీశాడు. లేచేసరికి పోటు తగ్గిపోయింది. ఇళ్ల గుంజల కింద బురద తేలింది, పీతలు తిరుగుతున్నాయి. అధికారి గోడ చివర నిలబడి దుర్భిణి కళ్లకు పెట్టుకున్నాడు. ఉత్తరం చూశాడు, తూర్పు చూశాడు. ఆకాశం దాకా నీళ్లే.

"జునైదీ, నీళ్లు పోయాయి. దీవేది?"

జునైది గుత్తేదారు వంక చూశాడు. గుత్తేదారు ఫోన్ వంక చూసుకున్నాడు.

"మీ ఊరోళ్లకి వేలు చూపించడం కూడా రాదా?" అధికారి విసుక్కుని ముర్సిదా అవ్వ వైపు తిరిగాడు. "నువ్వు చూపించవ్వా. ఆ సంతకమేదో పెట్టి పడేస్తాను. బెలిబిస్ ఎక్కడ?"

"పొద్దున్నుంచీ దాని మీదే నిలబడ్డావు గదా బాబూ."