చుక్క ఉన్న వైపు

కొత్త సాఫ్ట్‌వేర్ పొద్దుట్నుంచి మూడోసారి ఆగిపోయేసరికి సర్క్యూట్ బోర్డులు గీసే డిజైనర్ మేడంకి చిర్రెత్తుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే, కింది అంతస్తులో బోర్డులకి చిప్పులు అతికే పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

"అమ్మా, మీ లైబ్రరీలో ఈ చిప్పు ఫుట్‌ప్రింట్ ఒక్కసారి చూస్తారా?"

ఫుట్‌ప్రింట్ అంటే చిప్పు కాళ్ళు బోర్డు మీద ఎక్కడ కూర్చోవాలో చూపే బొమ్మ. అలాంటివి ఆమె కంప్యూటర్లోని ఆ లైబ్రరీలో ఎనిమిది వందలు. అన్నీ ఆమె గీసినవే.

"ఏమైంది దానికి?"

"బోర్డు మీద చుక్క..."

"చిప్పు మీదా చుక్కుంటుంది, బోర్డు మీదా చుక్కుంటుంది. రెండూ ఒకే వైపు పెట్టి అతకడమే కదండీ మీ పని! మూడేళ్ళలో ఒక్క బోర్డయినా వెనక్కి వచ్చిందా?"

"రాలేదమ్మా. కానీ..."

"మరింకేం? నన్ను పని చేసుకోనివ్వండి."

సాయంత్రం మేనేజరు దగ్గర కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"ఆయన ఒక్కో బోర్డుకీ అరగంట కూర్చుంటున్నారు సార్. పైగా నాకు పాఠాలు! ఎల్లుండికి నలభై బోర్డులు వెళ్ళకపోతే ఆర్డరూ పోతుంది, మన ఉద్యోగాలూ పోతాయి."

మర్నాటి నుంచి పెద్దాయన్ని రావద్దన్నారు. ఆయన కుర్చీలో ఒక చురుకైన అమ్మాయి కూర్చుంది. ఒక్కరోజులో నలభై అతికేసింది.

మొదటి బోర్డుకి కరెంటు ఇవ్వగానే చిప్పు మాడిపోయింది. రెండోదీ అంతే. మూడోదాని జోలికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"తిరగేసి పెట్టావు కదూ?" మేడం ఆ అమ్మాయి మీద విరుచుకుపడింది.

"లేదు మేడం. చుక్క వైపే చుక్క పెట్టాను. మీరే చూడండి."

చూసింది. నిజమే.

విసురుగా లైబ్రరీ తెరిచింది. చిప్పు తయారుచేసినవాళ్ళ కాగితం పక్కన పెట్టుకుని కాళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

ఫుట్‌ప్రింట్‌లో చుక్క అవతలి కొసన ఉంది. గీసిన తేదీ మూడేళ్ళ కిందటిది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా పనిచేశాయి?" అన్నాడు మేనేజరు.

"ముందు ఆ పెద్దాయనకి ఫోన్ చెయ్యండి సార్."

"నంబరు ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరా లేదు.

ఆమె బీరువాలోంచి పాత బోర్డులు తీసి లైటు కింద పరిచింది. ఒక్కటి కూడా వదలకుండా, అన్నిటి మీదా పెద్దాయన ఆ చిప్పుని ఆమె చుక్కకి ఎదురువైపు తిప్పి అతికి ఉంచాడు.