పన్నెండో నిమిషం

రూటర్లో కంపెనీవాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి, తనకు నచ్చింది వేసుకున్నాడు మా ఆయన. ఇవాళ పొద్దున దాన్ని అప్‌డేట్ చేశాడు. అంతే, నెట్ పోయింది.

"సాయంత్రం వచ్చి చూస్తా. నువ్వు మాత్రం దాని జోలికెళ్ళకు" అంటూ ఆఫీసుకు పరిగెత్తాడు.

పదింటికి నేను ఆన్‌లైన్లో లెక్కల క్లాసు చెప్పాలి. జడలోంచి పిన్ను తీసి, రూటర్ వెనక బెజ్జంలో ఉన్న రీసెట్ బటన్ నొక్కిపట్టాను. ఐదు నిమిషాల్లో నెట్ వచ్చేసింది.

మధ్యాహ్నం అమ్మకు వీడియో కాల్ చేశాను. ఎప్పుడు చేసినా పన్నెండో నిమిషంలో తెగిపోయేది. "మీ అమ్మావాళ్ళ వైపు సిగ్నల్ దండగ" అనేవాడు ఆయన. ఇవాళ గంటసేపు మాట్లాడుకున్నాం.

"ఇన్నాళ్ళూ నువ్వే విసుక్కుని పెట్టేస్తున్నావనుకున్నానే" అంది అమ్మ.

సాయంత్రం ఆయన గుమ్మంలో ఉండగానే సంబరంగా చెప్పాను. "నెట్ నేనే బాగుచేశా! అమ్మతో గంట మాట్లాడా!"

ఆయన ముఖం మాడిపోయింది. బూట్లైనా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు.

"బాగానే పనిచేస్తోందిగా?"

"నీకేం తెలుసు? నా సెట్టింగులన్నీ పోగొట్టావు" అంటూ, దాచుకున్న పాత సెట్టింగులు మళ్ళీ ఎక్కించాడు.

లోపలి గదిలోకి వెళ్ళి అమ్మకు మళ్ళీ కాల్ చేశాను. గడియారం చూస్తూ మాట్లాడాను. పన్నెండో నిమిషంలో, అమ్మ నవ్వుతుండగానే తెగిపోయింది.

"హమ్మయ్య, ఇప్పుడు సెట్టయింది" అని హాల్లో ఆయన గొణుక్కోవడం వినిపించింది.

జడలోంచి పిన్ను తీశాను.