కోడలు పోసిన పసుపు

"రవళీ, గని పెంచుకోవడానికి పర్మిషన్ ఇయ్యలేదట! మన బావి మనకే ఉంటది!" అని భర్త సంపత్ వాకిట్లోంచే అరిచేసరికి, పెళ్లయి నెల తిరగని రవళి చేతిలో చాయ్ సగం ఒలికింది.

ఆ కాలంలో బొగ్గు గనికి అనుమతి కావాలంటే చుట్టుపక్కల నీళ్లన్నీ సాక్ష్యం చెప్పాలి. బావులకూ కాలువలకూ గొంతులు పెట్టారు. తమలో ఏం కలిసినా విచారణలో అవే పలికేవి. ఈ బావికీ తమ గనికీ సంబంధమే లేదని కంపెనీ వాదించింది. బావి ఎండుతుందన్న దిగులుతో రవళి అత్త స్వరూప ఈ ఏడు వరి నారే పోయలేదు.

కొత్త కోడలు గంగమ్మకు చిటికెడు పసుపు వేయాలి. కాపురానికి వచ్చిన రోజు రవళి సంబరంలో డబ్బా మొత్తం బావిలో గుమ్మరించింది.

"అయ్యో బిడ్డా, బావికే నలుగు పెట్టినవా!" అని అత్త పడీపడీ నవ్వింది.

ఆ తర్వాత మూడో రోజు, గనిలోంచి తోడిపోసే నీళ్ల కాలువ విచారణలో గొంతు విప్పింది. "నాలో పసుపు కలిసింది" అంది. బావి నీళ్లు గనిలోకి జారిపోతున్నాయని అందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు కొడుకు తెచ్చిన కబురు విని స్వరూప కోడలి చేతులు కళ్లకద్దుకుంది.

"నీ చెయ్యి చల్లగుండ బిడ్డా! రేపు పొద్దుగాల నారు పోద్దాం. తొలి పిడికెడు గింజలు నువ్వే చల్లాలె."