గొడుగు పాట మీద ఫిర్యాదులు

“అన్నయ్యగారూ, బస్టాండు పక్కన చెప్పుల షాపులో గొడుగు పాట పెట్టారు. త్వరగా రండి, అయిపోతుంది!”

ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసి నిట్టూర్చాడు. ఆ నెలలో ఆవిడ చేసిన పదకొండో ఫిర్యాదు అది.

ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు కాదు. పాటల హక్కుల సంఘంలో వసూళ్ళ ఇన్‌స్పెక్టరు. షాపుల్లో, హోటళ్ళలో పాటలు పెట్టుకునేవాళ్ళు ఏడాదికింత అని లైసెన్సు కట్టాలి. కట్టనివాళ్ళని పట్టుకోవడం, అక్కడ ఏ పాట వినిపించిందో ఫారంలో రాయడం ఆయన పని. ఆ ఫారాలు చూసి ఎవరికెంత వాటా పంపాలో తేల్చేది పై అంతస్తువాళ్ళు. మోకాళ్ళ నొప్పుల పుణ్యమా అని ఆయన ఎప్పుడూ ఆ మెట్లెక్కలేదు.

ఫోను చేసినావిడ కరెంటు మీటర్ల రీడింగు తీస్తుంది. రోజూ వీధి వీధీ తిరుగుతుంది. ఏ కొట్లో ఏ పాట మోగుతోందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఆయన ఒగర్చుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ షాపు ఎదుటి మెట్టు మీద నిలబడి ఉంది. పాట ఇంకా నడుస్తోంది.

“పాట పేరు రాశారా?”

“రాశానమ్మా.”

“సరిగ్గా రాయండి. ఇంకోళ్ళ పాట కింద పడిపోయిందంటే అన్యాయం కదా!”

ఎంత కసి, అనుకున్నాడాయన.

ఆ కసి వెనక కథ ఆయనకి సెలూన్ యజమాని చెప్పాడు. అదీ తిడుతూనే. ఆవిడ మొదట పట్టించింది ఆ సెలూన్నే.

“నా స్పీకరు, నా కరెంటు, నా చెవులు. మధ్యలో మీకెందుకండీ డబ్బులు?” అని ఎగిరాడు సెలూన్ యజమాని.

“పాట నీది కాదు కదయ్యా! పాట వింటూ కూర్చుంటారనే కదా జనం నీ కొట్లో గంటసేపు ఓపిగ్గా ఉంటున్నారు? పాట కట్టినవాడికి కాస్త ముట్టొద్దూ?”

“కట్టినవాడెవడో తెలుసా? మిమ్మల్ని నా మీదికి తోలిందే, ఆ మీటర్లావిడ, ఆవిడ మాజీ మొగుడు! ఇద్దరం ఒకే గొడుగులో నడుద్దామని పాడి, ఆరేళ్ళనాడు ఆవిణ్ణి వానలో వదిలేసి పోయాడు. తర్వాతెప్పుడో సబ్బు ప్రకటనలో ఆ పాట వాడారు. అంతే, ఎక్కడ విన్నా అదే. ఆవిడ కడుపుమంటకి నేనా బలి?”

గొణుక్కుంటూనే లైసెన్సు కట్టాడు. కట్టిన మర్నాటి నుంచి షట్టరెత్తింది మొదలు దించేదాకా గొడుగు పాటే. “డబ్బు పోసి కొన్నాక ఊరుకుంటానా?” అన్నాడు.

అక్కడే ఇన్‌స్పెక్టరుకి మనసు కలుక్కుమంది. చెప్పుల షాపూ అంతే, మందుల షాపూ అంతే. ఆవిడ ఫిర్యాదు చేసిన చోటల్లా పాట ఆగకపోగా రెండింతలవుతోంది. ఒకసారి ఆవిడ సెలూను ముందు కళ్ళు మూసుకుని, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడటం ఆయన చూశాడు. పిచ్చితల్లి, ఎంత బాధని దిగమింగుతోందో!

ఇక ఆగలేకపోయాడు. ఓ రోజు మందుల షాపు మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు.

“చెల్లెమ్మా, నీకో సంగతి తెలీదు. నేను చెప్పకూడదు కూడా. నువ్వు పట్టించిన ప్రతి షాపూ లైసెన్సు కడుతోంది. ఆ డబ్బులోంచి ఆ పాటకి వాటా పోతుంది. వాణ్ణి కొడదామని నువ్వు విసిరిన రాయల్లా వాడి ఒళ్ళో బంగారమై పడుతోందమ్మా. ఇంకనుంచి ఫోను చెయ్యకు.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపే పట్టింది.

“పోనీలెండి అన్నయ్యగారూ,” అంది చివరికి. “కష్టపడినవాళ్ళకి వాటా ముట్టడమే కదా ధర్మం! అవునూ, పోస్టాఫీసు వెనక కొత్తగా జిమ్ము తెరిచారు. పొద్దున్నే ఆరింటికి మొదలుపెడుతున్నారు, గొడుగు పాటతోనే.”

ఆయన ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. వదిలేసి పోయినవాడు కూడా బాగుపడాలని కోరుకునే మనసు ఎంతమందికి ఉంటుందీ అని మెచ్చుకున్నాడు.

“నాకైతే లేదు,” అంది భార్య, కంచం పెడుతూ. “మీరు నన్నొదిలేసి ఏ పాటా కట్టకండి.”

సంవత్సరం తిరిగింది. గొడుగు పాట నాలుగు వందల ఫారాల్లోకి ఎక్కింది. అప్పుడు ఓ రోజు ఆఫీసులో, కొత్త పాట నమోదు చేయించుకోవడానికి వచ్చిన మనిషి కాగితం మీద పేరు చూసి ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. గొడుగు పాట కట్టి పాడినవాడు! చొక్కా కాలరు చిరిగింది, అరిగిన చెప్పులు. ఇంత సంపాదించీ ఎంత పిసినారో, అనుకున్నాడాయన. అయినా ఆ తల్లి మంచితనం వీడికి తెలియకపోతే ఎలా?

“బాబూ, మీ గొడుగు పాట దుమ్ము లేపుతోంది. ఆ పుణ్యమంతా ఎవరిదో తెలుసా? మీ పాత ఇంటావిడది! మీ మీద కోపం దిగమింగుకుని, వీధి వీధీ తిరిగి, మీ పాటకి రావలసిన ప్రతి పైసా రాబడుతోంది. ఒక్కసారి వెళ్ళి దణ్ణం పెట్టిరండి.”

పాటగాడు ఆయన వంక అదోలా చూశాడు.

“విడాకులప్పుడు భరణం ఇవ్వడానికి నా దగ్గర చిల్లిగవ్వ లేక, అప్పటికి కుక్క కూడా వినని ఆ పాట మీద వచ్చేదంతా జన్మాంతం ఆవిడకే అని రాసిచ్చేశానండీ!”