శ్రీకాకుళం రాగానే

శ్రీకాకుళం రాగానే విమానానికి మళ్లీ తిక్క రేగింది. అంతవరకు బుద్ధిగా తనంతట తానే పోతున్న చిన్న జెట్ "కుయ్" మని కూసి, ముక్కు కాస్త కిందికి దించింది. వెనక సీట్లో ఉన్న యజమాని, రొయ్యల వ్యాపారి పృథ్వీరాజ్, చేతిలోని కాఫీ తెల్లచొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఆటోపైలట్ ఆగిపోయింది. కెప్టెన్ జగన్నాధం కంగారు పడలేదు. కాసేపు చేత్తో నడిపి, మళ్లీ ఆన్ చేశాడు.

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లిన ప్రతిసారీ ఇదే వరస. ఇంకెక్కడా పేచీ లేదు, శ్రీకాకుళం మీదే. ఇంజనీరు యుగంధర్‌కి తలప్రాణం తోకకొచ్చింది. కంప్యూటర్ మార్చాడు. వైర్లు మార్చాడు. ఆటోపైలట్‌ని ఆపడానికి స్టీరింగు మీద, బొటనవేలికి అందేలా ఒక ఎర్రబటన్ ఉంటుంది. అదే పాడై దానంతటదే నొక్కుకుపోతోందేమోనని దాన్నీ మార్చాడు. నేలమీద పరీక్షిస్తే అన్నీ బంగారం. పరీక్ష యంత్రం 'లోపం లేదు' అంటుంది. అంటే లోపం యుగంధర్‌లోనే ఉందని యజమాని అర్థం చేసుకున్నాడు.

జగన్నాధం గజపతినగరం మనిషి. ఇది దిష్టేనని తేల్చి, కాక్‌పిట్‌లో నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఈ నెల నుంచి విజయనగరం మీద కూడా మొదలైంది. మాంగనీసు గనుల ప్రభావమేమోనని యుగంధర్ మ్యాపులు తిరగేశాడు.

పృథ్వీరాజ్‌కి చొక్కాలూ ఓపికా రెండూ అయిపోయాయి. ఈసారి యుగంధర్‌ని కూడా విమానం ఎక్కమన్నాడు. కూసిందంటే కోల్‌కతా నుంచి రైల్లో ఇంటికి పొమ్మన్నాడు.

నరసన్నపేటలో యుగంధర్ పెళ్లాం అరుణశ్రీకి నెలలు నిండాయి. ఇప్పుడు ఉద్యోగం పోతే ఆమెకి మొహం ఎలా చూపించాలో తెలియక అతనికి ఏడుపొచ్చింది. ఎక్కేముందు కెప్టెన్ చెయ్యి పట్టుకున్నాడు.

"మావా, నా సదువు పన్సెయ్యలేదు. నువ్వే ఏదోటి సెయ్యి."

"నానున్నాను కదరా. నీ గురించి గట్టిగా దండం ఎట్టుకుంటాను. బెంగెట్టుకోకు."

విమానం లేచింది. యుగంధర్ కెప్టెన్ వెనకాల కూర్చుని, ఒళ్లో యంత్రం పెట్టుకుని, దాని తెర మీంచి కళ్లు తిప్పలేదు. విజయనగరం మీద కూసింది. తెర మీద 'లోపం లేదు'. సగం ఉద్యోగం పోయిందనీ, మిగతా సగం సంగతి శ్రీకాకుళంలో చూద్దామనీ వెనక నుంచి పృథ్వీరాజ్ అన్నాడు.

శ్రీకాకుళం దగ్గరపడింది. ఇక చేసేదేమీ లేక యుగంధర్ యంత్రం మూసేశాడు. మొదటిసారి తలెత్తి కెప్టెన్ వైపు చూశాడు.

"అరసవల్లి సూర్నారాయణ సామీ, ఇజీనగరంలో అమ్మోరికీ ఇలాగే మొక్కాను, నువ్వైనా ఈ కుర్రోడి ఉజ్జోగం కాపాడు" అంటూ జగన్నాధం ముందుకు వంగి, స్టీరింగుని రెండు చేతులా, బొటనవేళ్లతో సహా, గట్టిగా ఒత్తి కళ్లకద్దుకున్నాడు. విమానం "కుయ్" మంది.